అరవై ఆరా? డెబ్బై మూడా?

పెళ్ళికి వచ్చినవాళ్ళు భోజనం చెయ్యకుండా వెళ్ళిపోవడానికి మన దేశంలో కారణాలు అనేకం. వడ్డనలో తమ విస్తరికి అప్పడం రాలేదని లేచిపోయినవారిని నేను ఎరుగుదును. కట్నం మాట తేలలేదని లేచిపోయినవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. కాని, ఒక పుస్తకంలోంచి ఒక అధ్యాయం చదివారని, ఆ పుస్తకం దైవగ్రంథమే కాదని, ఆకలికడుపుతో ఇంటికి వెళ్ళిపోయిన పెద్దమనిషిని మాత్రం ఈ మధ్యనే చూశాను.

పెళ్ళికూతురు నా శిష్యురాలు. వాళ్ళది గుంటూరు జిల్లాలో లూథరన్ కుటుంబం. తాతగారు నలభై ఏళ్ళపాటు ఉపదేశిగా పనిచేసినవారు. సంచిలో బైబిలు, హాండిలుకు లాంతరు పెట్టుకుని సైకిలుమీద పల్లెలన్నీ తిరిగిన మనిషి. పెళ్ళికొడుకువాళ్ళు రోమన్ కతోలికులు. పిల్లలిద్దరూ ఒకే బళ్ళో ఉపాధ్యాయులు. ఇష్టపడ్డారు. పెద్దలు కొన్నాళ్ళు గొణిగి ఒప్పుకున్నారు. పెళ్ళి అబ్బాయివాళ్ళ గుళ్ళో జరిగింది. నేను తాతగారికి సరిగా వెనక వరసలో కూర్చున్నాను.

పాట అయింది. ఒక అమ్మాయి మైకు దగ్గరికి వచ్చి, తోబితు గ్రంథం నుంచి పఠనం అన్నది. కొత్త దంపతులు మొదటి రాత్రి లేచి నిలబడి, తమ కాపురం చల్లగా ఉండాలని దేవుణ్ణి వేడుకునే ఘట్టం అది. కతోలికుల పెళ్ళిళ్ళలో దానిని తరచు చదువుతారు. వినడానికి ఎంతో బాగున్నది. తాతగారు మాత్రం ఒళ్ళో ఉన్న బైబిలు తెరిచి పేజీలు అటూ ఇటూ తిప్పారు. నిజానికి ఆయనకు వెతకవలసిన పని లేదు. ఏ పుస్తకం ఎక్కడ ఉన్నదో ఆ వేళ్ళకు కంఠతా వచ్చు. లేనిదానిని వెతికారంటే, లేదు సుమా అని తనకు తాను చూపించుకోవడానికే. మూసి, లేచి, బయటికి వెళ్ళి వేపచెట్టు కింద నిలబడ్డారు. పెళ్ళి అయ్యాక మనుమరాలి తలమీద చెయ్యి వేసి దీవించారు గాని, పందిట్లోకి రాలేదు. బస్సెక్కే ముందు ఒక్క మాట అన్నారట: "నీ పెళ్ళి వాక్యం మీద జరగలేదమ్మా."

ఇది జరిగిన నాలుగు నెలలకు ఆ పిల్ల మా యింటికి వచ్చింది. చేతిసంచిలో రెండు లావుపాటి పుస్తకాలు. ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. రెండూ బల్లమీద పక్కపక్కన పెట్టి, "మాస్టారూ! తాతయ్య మా గుమ్మం తొక్కడం లేదు. మా పుస్తకంలో అరవై ఆరు, వీళ్ళ పుస్తకంలో డెబ్బై మూడు. ఏ ప్రతి అసలుది, ఏది ప్రక్షిప్తం, ఎలా తేల్చాలో మీరు క్లాసులో చెప్పారు గదా. ఇది తేల్చి పెట్టండి" అన్నది.

చూశారా, పంతులుగిరీలో ఉన్న ప్రమాదం! పాఠం చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఏదో ఒకరోజు ఎవరో నిజంగా దానిని వాడబోతారు. నేను క్రైస్తవుణ్ణి కాను. వేమన పద్యాలలో పాఠభేదాలు, భారతంలో ప్రక్షిప్తాలు — ఇవీ నా సరుకు. అయినా ఆ పిల్ల కళ్ళు చూసి తప్పించుకోలేకపోయాను. ఒక నెల గడువు అడిగి, చదవగలిగినంత చదివాను. ఆమెకు చెప్పినదే ఈ వారం మీకూ మనవి చేస్తున్నాను.

ముందుగా ఒక చిన్న విషయం. మనం బైబిలు అని ఏకవచనంలో అంటాం. గ్రీకులో ఆ మాట బహువచనం. పుస్తకాలు అని అర్థం. ఆదిలో అవి వేరువేరు చుట్టలు. తోలుమీదా, పపైరసు మీదా రాసి చుట్టిపెట్టేవారు. మన తాటాకు కట్టలాగే, ఏ కట్ట ఆ కట్టే. అటకమీద ఏవేవి పక్కపక్కన ఉన్నాయో ఎవరికీ పట్టింపు లేదు. అన్నిటినీ కలిపి కుట్టి అట్ట వేసిన నాడే వచ్చింది చిక్కు: ఈ అట్టల నడుమ ఏది ఉండాలి, ఏది ఉండకూడదు?

యేసుక్రీస్తుకు పూర్వపు భాగాన్ని క్రైస్తవులు పాత నిబంధన అంటారు. అది యూదుల పవిత్ర వాఙ్మయం, చాలామట్టుకు హెబ్రీ భాషలో ఉన్నది. అయితే క్రీ. పూ. 3వ శతాబ్దం నుంచీ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో యూదులకు గ్రీకే ఇంటిభాష అయింది. వారి కోసం ఆ గ్రంథాలు గ్రీకులోకి తెనిగించారు — తెనిగించడం అని మన అలవాటుకొద్దీ అన్నాను, మన్నించండి. 72 మంది పెద్దలు వచ్చి ఆ పని చేశారని ఒక కథ ఉన్నది. అందుచేత దానికి డెబ్బైమంది అనువాదమని పేరు. తొలినాటి క్రైస్తవులలో ఎక్కువమంది గ్రీకు మాట్లాడేవారే గనుక, వారి పాత నిబంధన ఈ గ్రీకుదే. ఈ గ్రీకు ప్రతులలో తోబితు, యూదితు, మక్కబీయుల రెండు పుస్తకాలు, సొలొమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుని జ్ఞానగ్రంథం, బారూకు — ఇవి కూడా ఉండేవి. యూదుల హెబ్రీ పట్టికలో ఇవి లేవు. ఆ పట్టిక క్రీ. శ. 90 ప్రాంతంలో యామ్నియా అనే ఊళ్ళో సభ చేసి తేల్చారని పాత పుస్తకాలలో కనిపిస్తుంది. ఈనాటి పండితులు ఆ సభ మాట నమ్మడం లేదు. పట్టిక మెల్లగా కుదురుకున్నదనే అంటున్నారు.

నా శిష్యురాలి రెండు పుస్తకాలకూ తేడా సరిగా ఈ ఏడే. 66కూ 73కూ నడుమ దూరం అంతే. ఎస్తేరు, దానియేలు పుస్తకాలలో కొన్ని అధ్యాయాల తేడా కూడా ఉన్నదనుకోండి. గ్రీకు సంప్రదాయపు ఆర్థడాక్సు సంఘాలవారికి ఇంకా కొన్ని ఎక్కువ. ఇతియోపియా సంఘంవారి లెక్క 81.

తగవు పెరిగింది జెరోము అనే మహాపండితుడి దగ్గర. ఈయన రోములో డమాసస్ పోపుగారి దగ్గర పనిచేసి, 382లో ఆయన ఆనతిమీద లాటిను సువార్తలను సవరించడం మొదలుపెట్టాడు. తరవాత 386లో బేత్లెహేము చేరి, చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. నోరు మంచిది కాదు. ఎదిరిపక్షంవారిని తిట్టడంలో ఆయనను మించినవారు ఆ కాలంలో లేరు. కాని పని రాక్షసుడు. పాత నిబంధనను గ్రీకు మీదనుంచి కాక, నేరుగా హెబ్రీ మీదనుంచి లాటినులోకి దింపాలని పట్టుపట్టాడు. అందుకు యూదుల దగ్గర హెబ్రీ నేర్చుకున్నాడు. ఆయనకు పాఠం చెప్పిన ఒక యూదు గురువు తనవాళ్ళు చూస్తారని భయపడి రాత్రిపూట వచ్చేవాడట. ఆ దృశ్యం తలచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. దీపం ముందు ఇద్దరు మనుషులు, నడుమ ఒక అక్షరమాల.

జెరోము వాదం చిన్నది. ఏటి నీళ్ళు మురికిగా ఉంటే ఊట దగ్గరికి పోవాలి. హెబ్రీ ఊట. గ్రీకు ఏరు. హెబ్రీలో లేని పుస్తకాలు లెక్కలోకి రావు. వాటిని సంఘం భక్తులకు చదివి వినిపించవచ్చు, మంచి నేర్చుకోవచ్చు. వాటిని ఆధారం చేసుకుని సిద్ధాంతం మాత్రం చెప్పకూడదు.

దీనిని ఆఫ్రికాలో హిప్పో పట్టణం బిషప్పు అగస్టీను ఒప్పుకోలేదు. ఆయన కాలంలోనే 393లో హిప్పోలోనూ, 397లో కార్తేజిలోనూ జరిగిన సభలు ఆ ఎక్కువ పుస్తకాలను కూడా పట్టికలో చేర్చుకున్నాయి. అగస్టీనుకు హెబ్రీ రాదు. గ్రీకు కూడా అంతంత మాత్రమే. కాని ఆయనకు జనం తెలుసు. 403లో జెరోముకు రాసిన ఉత్తరంలో ఒక సంగతి చెప్పాడు. ఓయియా అనే ఊరు — నేటి లిబియాలోని ట్రిపోలీ — అక్కడి బిషప్పు ఒకనాడు గుళ్ళో జెరోము కొత్త అనువాదంలోంచి యోనా కథ చదివించాడు. యోనా నీనెవె పట్టణం వెలుపల ఎండలో కూర్చుంటే దేవుడు ఒక చెట్టు మొలిపించి నీడ ఇస్తాడు. తాతల నాటినుంచీ ఆ చెట్టు సొరపాదు. జెరోము దానిని ఐవీ తీగ చేశాడు. అంతే! గుళ్ళో గగ్గోలు పుట్టింది. మా చెవులు ఎరిగిన మాట మార్చడానికి నువ్వెవరవని జనం బిషప్పును నిలవేశారు. ఆయన ఆ ఊరి యూదులను అడిగితే, వాళ్ళు పాత పాఠమే సరి అన్నారు. చివరికి ఆ బిషప్పు, గుడి ఖాళీ అయిపోతుందనే భయంతో, ఆ మాట మార్చుకున్నాడు.

ఇది చదివినప్పుడు మా నాయనమ్మ జ్ఞాపకం వచ్చింది. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదని ఒకసారి ఆమెతో అన్నాను. ఆమె ఓయియా జనంకంటే ఎక్కువ గగ్గోలు చేసింది. "వ్యాసుడు మరిచిపోయి ఉంటాడు" అని తీర్పు చెప్పింది.

జెరోము జవాబు 404లో వచ్చింది. హెబ్రీలో ఉన్నది కీకాయోను అనే మాట. అది సొరా కాదు, ఐవీ కాదు. పాలస్తీనాలో ఇసకనేలల్లో తొందరగా ఎదిగే ఒక వెడల్పాటి ఆకుల మొక్క. లాటినులో దానికి పేరు లేదు. ఉన్న మాట ఉన్నట్లు పెడితే ఎవరికీ అర్థం కాదు. సొర అంటే అబద్ధం అవుతుంది. అంచేత వెనకటి అనువాదకులలో కొందరు వాడిన ఐవీని పట్టుకున్నాను అన్నాడు. మీ ఊరి యూదులు హెబ్రీ రానివాళ్ళయినా అయి ఉండాలి, సొరపాదు పక్షంవారిని ఆటపట్టించినా ఉండాలి అని ఒక చురక కూడా అంటించాడు. ఈనాటి పండితులలో చాలామంది ఆ మొక్క మన ఆముదపు చెట్టే అంటారు. వెడల్పాటి ఆకు, తొందర ఎదుగుదల — సరిపోయింది. ఆముదం చెట్టు నీడన కూర్చున్నవాడి సుఖం ఎంతటిదో మన సామెతలు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు గాని, మన తెలుగు బైబిలులో మాత్రం అది సొరచెట్టుగానే ఉన్నది. ఓయియావారు గెలిచారన్నమాట! (ఆనపచెట్టు అని ఉంటే మా కోస్తావాళ్ళు ఇంకా సంతోషించేవాళ్ళు.)

అయితే అగస్టీను భయం వట్టి సొరపాదు గురించి కాదు. తూర్పున గ్రీకు సంఘాలు ఒక గ్రంథం చదివి, పడమట లాటిను సంఘాలు మరొక గ్రంథం చదివితే, ఒక తల్లి పిల్లలు రెండు గ్రంథాలకింద చీలిపోతారేమో అని. పదకొండువందల ఏళ్ళ తరవాత జరిగినది అదే. కాకపోతే చీలిక తూర్పు పడమరల నడుమ కాదు, పడమటిలోనే వచ్చింది.

ఈలోగా ఒక తమాషా చెప్పాలి. తోబితు లెక్కలోకి రాదన్న జెరోమే తోబితును లాటినులోకి దించాడు. ఇద్దరు బిషప్పు మిత్రులు పట్టుపట్టారు. ఆ ప్రతి అరమాయికు భాషలో ఉన్నది. ఆయనకు ఆ భాష చాలినంత రాదు. రెండు భాషలూ తెలిసిన ఒక మనిషిని పిలిపించి, అతడు హెబ్రీలో చెబుతూ ఉంటే తాను లాటినులో చెప్పి రాయిస్తూ, ఒకే ఒక్క రోజులో ముగించాడు. ఆ సంగతి తానే పీఠికలో రాసుకున్నాడు. ఇష్టం లేని పని గనుక తొందరగా వదిలించుకున్నాడని కొందరు అంటారు. నేను నమ్మను. ఎందుకంటే ఆ కథ అటువంటిది.

తోబితు నీనెవె పట్టణంలో బందీగా ఉన్న యూదుడు. రాజు చంపించి పారవేయించిన తనవారి శవాలను రాత్రులు దొంగతనంగా పాతిపెడుతుంటాడు. అంత పుణ్యాత్ముడి కళ్ళలో నిద్రలో పిచ్చుకలు రెట్టవేసి చూపు పోతుంది. భార్య మగ్గం నేసి ఇల్లు నడుపుతుంది. ఒకనాడు యజమానులు కూలితోపాటు ఒక మేకపిల్లను ఇస్తే, గుడ్డిభర్త దాని అరుపు విని, దొంగిలించి తెచ్చావా అంటాడు. నీ దానధర్మాలు ఏమైనాయి, ఇప్పుడు నీ సంగతి బయటపడింది అంటుంది ఆమె. ఈ పోట్లాట రాసినవాడు ఎవడో గాని, సంసారం చేసినవాడే! కొడుకు దూరదేశంలో దాచిన వెండి తేవడానికి బయలుదేరతాడు. తోడుగా వచ్చిన బాటసారి దేవదూత అని అతనికి తెలియదు. ఇంటికుక్క కూడా వెంటపడుతుంది. దారిలో సారా అనే పిల్లతో పెళ్ళి. అంతకుముందు ఆమె ఏడుగురు భర్తలనూ ఒక దయ్యం మొదటి రాత్రే చంపేసింది. ఈసారి మామగారు ముందుజాగ్రత్తగా అర్ధరాత్రి గోతిని తవ్వించి ఉంచి, అల్లుడు బతికాడని తెలియగానే తెల్లవారేలోగా పూడ్పిస్తాడు. తిరిగివచ్చి చేపపిత్తంతో కొడుకు తండ్రి కళ్ళు తెరిపిస్తాడు. పెళ్ళిలో చదివినది, ఆ గోతికీ ఆ పూడ్పుకీ నడుమ గదిలో దంపతులు చేసిన ప్రార్థన.

ఇక లూథరు. 1519లో లైప్‌జిగు పట్టణంలో ఎక్ అనే పండితుడితో ఆయనకు వాదం జరిగింది. చనిపోయినవారికోసం ప్రార్థించడం మంచిదనడానికి ఎక్ మక్కబీయుల రెండో పుస్తకం చూపించాడు. ఆ పుస్తకం హెబ్రీ పట్టికలో లేదు, ఆధారం కాదు అన్నాడు లూథరు. అంటే జెరోము ఒరలో దాచిన కత్తిని ఆయన దూశాడు. దీనికి జవాబుగా, లూథరు చనిపోయిన రెండు నెలలు తిరగకుండానే, 1546 ఏప్రిల్ 8న ట్రెంటులో కతోలిక మహాసభ ఆ ఏడు పుస్తకాలూ మిగిలినవాటితో సమానమని శాసనం చేసింది. అగస్టీను పట్టిక అది. అలాగని కతోలికులందరూ మొదటినుంచీ ఒకటే మాటమీద లేరు. 1518లో పోపుగారి తరఫున లూథరును నిలదీసిన కార్డినల్ కజెటానే ఈ ఒక్క విషయంలో జెరోము పక్షం.

కాని నా శిష్యురాలు నోరు తెరిచి విన్నది దీనిని కాదు. లూథరు 1534లో అచ్చువేసిన సంపూర్ణ జర్మను బైబిలులో తోబితు ఉన్నది! ఈ పుస్తకాలను తీసి పారెయ్యలేదాయన. పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య వేరే విభాగంలో పెట్టి, ఇవి దైవగ్రంథంతో సమానం కావు గాని చదవడానికి మేలైనవి అని శీర్షిక రాశాడు. తోబితుకు పీఠిక రాస్తూ దానిని కమ్మని, భక్తిగల సుఖాంత నాటకంగా మెచ్చుకున్నాడు కూడా. ఇంగ్లీషువారి 1611 నాటి రాజుగారి బైబిలులోనూ ఇవి మధ్యలో ఉన్నాయి.

"మరి మా పుస్తకంలో ఏమైనాయి, మాస్టారూ?" అన్నది.

బైబిలును చౌకగా అచ్చువేసి లోకమంతా పంచడానికి 1804లో లండనులో ఒక సొసైటీ పెట్టారు. ఐరోపా దేశాలకు పంపే ప్రతులలో ఈ పుస్తకాలు ఉండవచ్చునా అని అందులోవారు కొట్లాడుకున్నారు. స్కాట్లండు సభ్యులు కూడదంటే కూడదన్నారు. 1826లో, ఆ పుస్తకాలున్న ప్రతికి సొసైటీ డబ్బు పెట్టరాదని తీర్మానమైంది. మన తెలుగు బైబిలు అచ్చులూ ఆ సొసైటీ సహాయంతో సాగినవే. విశాఖపట్నంలో 1805లో దిగిన క్రాన్, డెగ్రాంజ్ దొరలు తెలుగులో ఆ పనికి పూనుకున్నారు. 1812లో శ్రీరాంపూరులో మూడు సువార్తలు వెలువడ్డాయి. సంపూర్ణ బైబిలు వచ్చేనాటికి శతాబ్దం సగం గడిచింది, తీర్మానం అమలులో ఉన్నది. గుంటూరులో లూథరన్ మిషనుకు 1842లో హేయరు అనే అమెరికా పాదిరి పునాది వేశాడు. ఆ మిషనువారి చేతికి కూడా అరవై ఆరే వచ్చాయి. అంచేత లూథరు బైబిలులో ఉన్న తోబితు, లూథరు పేరు పెట్టుకున్న తాతగారి బైబిలులో లేదు.

అసలు సంగతి ఇంకా ఉన్నది. జెరోము మాట సరా, అగస్టీను మాట సరా? మా బోటివాళ్ళ పద్ధతి ప్రకారం, పాతప్రతి దొరకాలి. 1896లో, కైరో యూదుల పాతకాగితాల కొట్టునుంచి బయటికి వచ్చిన సీరా పుత్రుని జ్ఞానగ్రంథపు హెబ్రీ ఆకు ఒకటి కేంబ్రిడ్జిలో షెక్టర్ పండితుడి కంట పడింది. తరవాత మసాదా కోటలో 1964లో ఇంకా పాతది దొరికింది. నడుమ 1947లో, మృతసముద్రపు ఒడ్డున కుమ్రాను కొండగుహలలో గొల్లపిల్లలు జాడీలు కనుక్కున్నారు. తోలుచుట్టలు, కొన్ని క్రీస్తుకు రెండు శతాబ్దాల ముందువి. అక్కడ 4వ గుహలో తోబితు తునకలు దొరికాయి: నాలుగు ప్రతులు అరమాయికులో, ఒకటి హెబ్రీలో. హెబ్రీవారి దగ్గర లేనిదనుకున్న పుస్తకం వారి దగ్గర ఉండనే ఉన్నది. దీనిని వారు దైవగ్రంథంగా ఎంచారా, మంచి కథగా దాచుకున్నారా అన్నది మాత్రం తునకలు చెప్పవు.

మరొకటి. గ్రీకులో యిర్మీయా గ్రంథం హెబ్రీ కంటే ఎనిమిదోవంతు తక్కువ. అనువాదకులు ఎగ్గొట్టారనుకున్నారు చాలాకాలం. కుమ్రానులో ఆ పొట్టి పాఠమే ఉన్న హెబ్రీ తునక దొరికింది! అంటే గ్రీకువారి ముందు మరొక హెబ్రీ ప్రతి ఉండేది. ఊట ఒకటి కాదు. జెరోము చూసినది వాటిలో ఒకటి. ఎంత చిత్రమో చూడండి: ఆయన 34 ఏళ్ళు బేత్లెహేములో కూర్చుని హెబ్రీయే అసలు అని కలం విరిగేలా వాదించాడు. ఆయన కూర్చున్న చోటికి ఆ జాడీలు సుమారు పాతిక కిలోమీటర్ల దూరాన, చీకట్లో ఉన్నాయి.

భారతంవారికి ఇది కొత్త కాదు. పూనాలో భండార్కరు సంస్థవారు 1919లో మొదలుపెట్టి 1,259 వ్రాతప్రతులు పోల్చి 1966 నాటికి పరిష్కరించారు గదా. వినాయకుడు వ్యాసుడికి లేఖకుడైన కథ అందులో మూలంనుంచి అనుబంధంలోకి పోయింది. నేను ఆ పరిష్కరణకు దణ్ణం పెడతాను. మా ఇంట్లో వినాయక చవితినాడు ఆ కథ చెప్పకుండా మాత్రం ఉండను. రెండూ ఎలా పొసగుతాయని అడిగితే, జవాబు నా దగ్గర లేదు.

ఆ పిల్లతో ఇంత చెప్పి, "నీ పెళ్ళి దేనిమీద జరిగిందో పండితులు తేల్చలేరమ్మా. తేల్చగలిగినది ఇంతమాత్రం: మీ తాతగారు కొత్తగా మొండికెయ్యలేదు, ఆయన వెనక జెరోము ఉన్నాడు. మీ అత్తవారు దొంగపుస్తకం చదవలేదు, వారి వెనక అగస్టీను ఉన్నాడు. ఇద్దరూ ఒకే దేవుణ్ణి నమ్మినవారే, చచ్చేదాకా ఉత్తరాలు రాసుకున్నవారే" అన్నాను. అగస్టీను అయితే ముసలితనంలో, హెబ్రీలో ఉన్నదీ గ్రీకులో ఉన్నదీ రెండూ ఆత్మ పలికించినవే అనవచ్చునని రాసి వదిలాడు. తాతగారితో వాదించవద్దని మరీమరీ చెప్పాను.

శిష్యులు మాట వింటే ఇంకేం! తిన్నగా వెళ్ళి, "తాతయ్యా, లూథరుగారి బైబిలులో తోబితు ఉందట" అన్నది. ఆయన తడుముకోకుండా, "లూథరు జర్మనీవాడమ్మా. నాకు బైబిలు ఇచ్చింది ఆయన కాదు" అన్నారట. ఈ మాటలో తప్పు పట్టడానికి వీలు లేదు, చరిత్ర ప్రకారం అక్షరాలా నిజం.

మొన్న సంక్రాంతి సెలవులలో ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. క్రిస్మసు ముందు తాతగారికి కంటిలో పొర తీయించారట. ఆసుపత్రి వీళ్ళ ఊళ్ళోనే గనుక, పదిరోజులు వీళ్ళింట్లోనే ఉండవలసి వచ్చింది. కట్టువిప్పేదాకా చదవడానికి లేదు. పొద్దుటా సాయంత్రమూ ఈమే చదివి వినిపించింది. మూడోరోజున ఆయనే అడిగారు: "ఆ రోజు గుళ్ళో చదివారే, ఆ గుడ్డాయన కథ. అది మీ ఆయన పుస్తకంలో ఉంటుందిగా. తియ్యి."

"వాక్యం కాదన్నావుగా, తాతయ్యా?"

"కాదు. వాక్యమని చదవకు. ఊరికే చదువు. మంచిదే అయితే వింటే తప్పేమిటి?"

జెరోము పేరు కూడా ఆయన ఎరగరు.

రెండు రోజులు చదివిందట. పిచ్చుకలూ, మేకపిల్లా, చేపపిత్తమూ అన్నీ కళ్ళు మూసుకుని విన్నారు. మామగారు గోతిని పూడ్పించిన చోట పెద్దగా నవ్వారు. అయిపోయాక చాలాసేపు ఊరుకుని, ఒక ప్రశ్న వేశారట. ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకురమ్మని దానిని నా దగ్గరికి పంపారు. నెల రోజులు చదివిన నాకు అది తోచనే లేదు. "కుక్క బయలుదేరేటప్పుడు వెంట వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడూ ఉంది. ఆ పెళ్ళివారింట్లో పదునాలుగు రోజుల విందులో దానికి అన్నం ఎవరు పెట్టారో రాయలేదేం, మాస్టారుగారిని అడుగు."